దున్నపోతు లేని ట్రాక్

వారమంతా టైలరమ్మ మిషను మీంచి తల ఎత్తదు, నోరెత్తదు. ఆదివారం కార్ల రేసులు జరిగే మట్టి ట్రాక్ దగ్గర మూడో మెట్టు మీద కూర్చుందంటే మాత్రం ఆ నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. ఆవిడ మొగుడు కరెంటు పనివాడు. పక్కన కూర్చుని టీ తాగుతూ, "వారానికి సరిపడా తిట్లన్నీ ఇక్కడే ఖర్చయిపోతాయి. ఇంట్లో నా ప్రాణం హాయిగా ఉంటుంది" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

ఆ తిట్లన్నీ ఒక్కడికే. నల్లకారు నడిపే ఓ భారీ మనిషి. అందరూ అతన్ని దున్నపోతు అనేవాళ్లు. తడిమట్టిలో వెనక చక్రాలు జారించుకుంటూ కార్లు మలుపు తిరుగుతుంటే, ఎక్కడ సందు దొరికినా దూరి, ముందున్న బండిని పక్కకి తోసేసి పోయేవాడు. ఎక్కువగా ఆ దెబ్బ తగిలేది బక్కోడికి. డొక్కు కారుతో ఎలాగోలా నెట్టుకొచ్చే ఆ బక్కోడంటే టైలరమ్మకి ప్రాణం. చివరి మలుపులో అతని కారు గడ్డిలోకి వెళ్లి ఆగిపోగానే ఆవిడ లేచి నిలబడేది.

"నీ చక్రాలూడిపోనూ! నీ బండి బోల్తా కొట్టా! ఇంటికి పోరా దున్నపోతా!"

మెట్ల మీద జనమంతా గొంతు కలిపేవాళ్లు. ట్రాక్ ఆరాక ఎగిరొచ్చే దుమ్ము కంటే వీళ్లు ఎత్తిపోసే దుమ్మే ఎక్కువ.

కిందటేడు ఉన్నట్టుండి నల్లకారు రావడం మానేసింది. పీడ విరగడైందని టైలరమ్మ సంబరపడింది. బక్కోడు వరసపెట్టి గెలిచాడు. మొదట్లో చప్పట్లు మోగిపోయాయి. పోనుపోను మెట్లు ఖాళీ అయ్యాయి. టీ కొట్టతను సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. చూసేవాళ్లు లేకపోయేసరికి నడిపేవాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. ఒక ఆదివారం బక్కోడు గెలిచి, జెండా పట్టుకుని చుట్టూ తిరుగుతుంటే అతని ఇంజన్ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. వచ్చే ఏడు ఇక్కడ గోడౌన్లు కడతారట అని గేటు దగ్గర ఎవరో అనుకుంటున్నారు.

ఇంటికొస్తూ టైలరమ్మ అంది: "బక్కోడు గెలిస్తే చూద్దామని ఎవరొచ్చారండీ? దున్నపోతు ఓడిపోతే చూద్దామనే కదా అందరం వచ్చాం."

"ఇప్పటికి తెలిసిందా?" అన్నాడు మొగుడు.

మర్నాడు ఆవిడ వాకబు చేసుకుంటూ, దున్నపోతు రేడియేటర్లు బాగుచేసే షెడ్డుకి వెళ్లింది. అతను పీట మీద కూర్చుని చిల్లు పడ్డ రేడియేటర్ని తొట్టి నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాడు.

"మీరు మళ్లీ రేసులకి రావాలండీ" అందావిడ, ఉపోద్ఘాతమేమీ లేకుండా.

అతను తలెత్తాడు. "మూడో మెట్టు అక్కయ్య కదూ? మీ గొంతు ఇంజన్ల మోతలో కూడా వినబడేది."

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. "ఏదో ఊపులో అనేదాన్ని తమ్ముడూ. మనసులో ఏమీ లేదు."

"నాకు తెలీదా? మీరు తిట్టకపోతే ఆ రోజు సరిగ్గా నడపలేదేమో అనిపించేది."

"మరెందుకు మానేశావు?"

అతను చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఎప్పుడూ రాని మా అమ్మ నా ఆఖరి రేసుకి వచ్చింది. మీ అందరి మధ్యలోనే కూర్చుంది. కొడుకు బండి బోల్తా కొట్టాలని అంతమంది అరుస్తుంటే, అది ఆటలో భాగమేనని ఆవిడకెవరు చెప్తారు? ఇంటికి రాగానే నా చెయ్యి లాక్కుని నెత్తిన పెట్టుకుంది. ఇక ఎక్కనని ఒట్టేయించుకుంది."

"నేనొచ్చి అమ్మతో మాట్లాడతాను. కాళ్లయినా పట్టుకుంటాను."

"అమ్మ పోయి ఆర్నెల్లయింది అక్కయ్యా. ఉండుంటే ఏదో ఒకరోజు బతిమాలి, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టించేవాణ్ణి. ఇప్పుడెవర్నడగను?"

షెడ్డు వెనక టార్పాలిన్ కింద నల్లకారు ఉంది. చక్రాల లోపల ఆఖరి రేసు మట్టి ఎండి బీటలు వారింది. అమ్మేద్దామంటే చేతులు రావడం లేదన్నాడు. టైలరమ్మ ఇంటిదారి పట్టింది. దారి పొడుగునా ఆ రోజు తన పక్కన ఎవరైనా ముసలావిడ కూర్చుందా అని గుర్తుచేసుకోవాలని చూసింది. ఒక్క ముఖం కూడా గుర్తురాలేదు. ఎలా వస్తుంది? తను ట్రాక్ వైపు తప్ప ఎటు చూసింది గనక?

ఆదివారం మళ్లీ వెళ్లింది. నాలుగు కార్లొచ్చాయి. మలుపులో పచ్చకారు బక్కోణ్ణి రాసుకుంటూ దాటిపోయింది. వెనక మెట్టు మీంచి ఎవరో కొత్తాయన, "నీ బండి తగలబడా!" అని అరిచాడు.

ఆవిడ గభాల్న వెనక్కి తిరిగింది. అలా అనకండి అనబోయింది. ఆయన చుట్టూ మెట్లన్నీ ఖాళీ. ఆ ఒక్క గొంతు కూడా ఆగిపోతే ఇక్కడ ఏం మిగులుతుందనిపించింది. నోరు మూసుకుని మళ్లీ ట్రాక్ వైపు తిరిగి కూర్చుంది. మొగుడు ఫ్లాస్కులోంచి టీ వంచి ఇచ్చాడు. అది చేతిలోనే చల్లారిపోయింది.