చప్పుడు చేయని లిఫ్టు

బడిలో భూగోళం చెప్పేవాడిని నేను. నదులు ఎటు పుట్టి ఎటు పారతాయో పటం మీద కర్రతో చూపించి పిల్లల ప్రాణం తీస్తుంటాను. అంతటి పండితుణ్ణి, డాన్యూబ్ నది ఊరికి ఏ వైపు ఉందో, నేను కొంటున్న బాల్కనీ ఏ వైపుకి ఉందో ఒక్కసారి కూడా సరిచూసుకోకుండా ఇల్లు కొన్నాను. నా శిష్యులెవరైనా ఇలా చేస్తే సున్నా వేసి గోడ కుర్చీ వేయించేవాణ్ణి.

ఆ భవనం పేరు 'డాన్యూబ్ స్వప్నం'. రంగుల కాగితం మీద ఒక పిల్ల బాల్కనీలో కాళ్ళు ముడుచుకుని కాఫీ తాగుతుంటుంది, వెనకాల నీలంగా నది. ఇప్పుడు అదే బాల్కనీలో నేను కాఫీ తాగితే కనిపించేది టైర్ల గోదాము. నది బొత్తిగా కనపడదని అబద్ధమాడను. కటకటాల మీంచి నడుం దాకా బయటికి వంగితే, వెనక నుంచి నా భార్య వేరిత్సా బెల్టు పట్టుకుంటే, గోదాము మూల దగ్గర ఏదో మెరుస్తుంది. అది నది అని నేను, రేకుల కప్పు అని ఆవిడ.

హాలు సంగతి చెప్పనక్కర్లేదు. బొమ్మలో పొడుగాటి బల్ల, చుట్టూ నవ్వుతున్న చుట్టాలు. అసలు హాల్లో నట్టనడుమ ఒక కాంక్రీటు స్తంభం. బొమ్మ గీసినవాడు దాన్ని గీయడం మరిచిపోయాడు. బల్ల వేస్తే మనుషులు పట్టరు, మనుషులు కూర్చుంటే బల్ల పట్టదు. భవనం గుమ్మంలోనూ మెట్ల గోడలకీ పాలరాయి అన్నారు. పాలరాయిలా కనపడే రంగు వేశారు, అది కోటుకి అంటుకుంటుంది. ఇక లిఫ్టు. 'చప్పుడు చేయని ఆధునిక లిఫ్టు' అని రాశారు. ఆ ఒక్కటీ అక్షరాలా నిజం. లిఫ్టు ఉండాల్సిన చోట ఒక గొయ్యి, దానికి అడ్డంగా చెక్కలు. మా ఇల్లు ఐదో అంతస్తు.

ఇంతకీ ఈ భవనం కట్టిందెవరు? మా కూమ్ రాదిషా. నా పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడ్డవాడు, నా కూతురికి జ్ఞానస్నానం చేయించి పేరు పెట్టినవాడు. మాలో సొంత అన్నతో పోట్లాడితే నలుగురూ జాలిపడతారు, కూమ్‌తో మాటా మాటా అనుకుంటే మొహాన ఉమ్మేస్తారు. అలాంటివాడి దగ్గర ఇల్లు కొంటూ గోడ తట్టి చూస్తానా? వకీలుకి కాగితాలు చూపిస్తానా? సిగ్గుండొద్దూ! కళ్ళు మూసుకుని సంతకం పెట్టాను. పైగా కలం కూడా వాడిదే.

"వెళ్ళి అడుగు," అంది వేరిత్సా, తాళాలు చేతికొచ్చిన వారానికే. "లిఫ్టు ఏదీ, నది ఏదీ అని మొహం మీదే అడుగు. నోరు లేదా నీకు?"

"అడుగుతా. ఇవ్వాళ తాడో పేడో తేల్చుకునే వస్తా," అన్నాను. మీసం ఉంటే మెలేసేవాణ్ణే.

రాదిషా నన్ను చూడగానే రెండు చేతులూ చాచాడు. "కూమా! నూరేళ్ళు నీకు, ఇప్పుడే తలుచుకున్నాం. కూర్చో, కూర్చో!" అంటూ సొంతంగా కాచిన రేగుపళ్ళ సారా పోశాడు.

"కూమా, ఆ స్తంభం..." అన్నాను రెండో గుక్క తరవాత.

"చూశావా, కనిపెట్టావు! ఆ స్తంభం మీదే మొత్తం భవనం నిలబడింది. మిగతా వాళ్ళెవరికీ అది దక్కలేదు. మా కూమ్ ఇల్లు గట్టిగా ఉండాలని నీకిచ్చాను."

"థాంక్స్ కూమా," అన్నాను. అవును, థాంక్స్ అన్నాను! సాయంత్రం ఇంటికి చేరేసరికి చంకలో ఒక మిరపకాయల పచ్చడి సీసా ఉంది. వేరిత్సా సీసా వంకా నా వంకా చూసింది.

"లిఫ్టు ఇందులో ఉందా?" అంది.

ఇదంతా నా ఒక్కడి పరువుతో పోయేదైతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. నా అసలు బాధ కోసార అత్త.

అమ్మా నాన్నా పోయాక జాయెచార్ ఊళ్ళో నన్ను పెంచింది నాన్న చెల్లెలు కోసార. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంటి స్లావా, అంటే మా వంశాన్ని కాపాడే సెయింట్ నికోలస్ పండగ, ఆవిడే ఏటా కొవ్వొత్తి వెలిగించి నిలబెట్టుకొచ్చింది. "నీకంటూ సొంత కప్పు వచ్చాక ఐకాన్, ఆ సాధువు పటం, నీ చేతిలో పెడతా. అద్దె కొంపలో సాధువుని నిలబెట్టకూడదు," అనేది. ఈ ఏడు ఆ కప్పు వచ్చింది. ఆవిడ వచ్చి, నా బల్ల దగ్గర కూర్చుని, నా ఇంట్లో వెలిగే కొవ్వొత్తి చూడాలి. నేను ఇల్లు కొన్నది నది కోసం కాదు, అందుకోసం.

ఇక్కడొక చిక్కుంది. స్లావాకి ఎవరూ ఎవరినీ పిలవరు. తేదీ అందరికీ తెలుసు, రావాలనుకున్నవాళ్ళు వస్తారు, వచ్చినవాణ్ణి శత్రువైనా సరే లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టాలి. "అత్తా, నువ్వు రా" అని నోరు తెరిచి అడిగితే ఆవిడే తిడుతుంది. అందుకని ఈ భూగోళం పంతులు ఏం చేశాడు? ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ఇల్లు వర్ణించాడు. పునాది కూడా పడకముందు నుంచీ!

"గుమ్మంలోనే పాలరాయి అత్తా. అద్దంలా మొహం కనపడుతుంది."

"బాగుంది నాయనా."

"లిఫ్టు చప్పుడే చెయ్యదు, ఎక్కితే ఎక్కినట్టే తెలియదు. నీ తుంటికి ఏ శ్రమా ఉండదు."

"బాగుంది, బాగుంది. సరే, కోళ్ళకి మేత వెయ్యాలి, పెట్టేస్తా."

నేను ఎంత పొగిడితే ఆవిడ అంత తొందరగా పెట్టేసేది. నాకది అర్థం కాలేదు. ఇంకా రంగు తగ్గిందేమో అనుకుని మరో పూత పూసేవాణ్ణి. ఒకసారి హోటళ్ళలో ఉండే సలామ్ కొట్టే మనిషిని కూడా గుమ్మంలో నిలబెట్టాను. కాగితంలో కూడా లేని మనిషి వాడు!

డిసెంబర్ వచ్చింది. పండగకి వారం ఉందనగా ఆవిడే ఫోన్ చేసింది.

"ఒరే మొమా, ఐకాన్‌ని శాలువాలో చుట్టి బస్సు డ్రైవర్‌తో పంపిస్తాను. స్టేషన్‌కి వెళ్ళి తీసుకో."

డ్రైవర్‌తో ఊరగాయలు పంపిస్తారు, మేజోళ్ళు పంపిస్తారు. వంశం ఇలవేల్పుని పంపిస్తారా?

"నువ్వు రావా?" అని నోరు జారాను.

"నేనెందుకురా అక్కడ? ఆ పాలరాళ్ళ మీద కాలు జారి పడితే మీకు తలనొప్పి."

అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. "పాలరాయి లేదు!" అని అరిచాను. "రంగు! కోటుకి అంటుకుంటుంది! లిఫ్టు లేదు, గొయ్యి ఉంది! నది లేదు, టైర్లున్నాయి! హాలు మధ్యలో స్తంభం ఉంది, దాని చుట్టూ గానుగెద్దులా తిరుగుతున్నాం! కట్టినవాడు నా కూమ్, వాణ్ణి అడగడానికి నాకు నోరు లేదు! నువ్వు రావద్దు. వచ్చి చూసి నవ్వుకోవద్దు. రానే రావద్దు!"

మీసం లేని ఆ మగాడు ఫోన్ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వేరిత్సా పక్క గదిలోంచి అంతా వింటోందని తెలుసు. ఆ గోడలకి వినపడకుండా ఏడవడం కుదరదు.

"ఏడుపు అయిందా?" అంది అత్త. "అయితే డ్రైవర్ ఫోన్ నంబరు రాసుకో."

రాసుకున్నాను. స్లావాకి రావద్దని మనిషిని తరిమిన మొదటివాణ్ణి మా దేశం మొత్తంలో నేనే అయ్యుంటాను.

పండగనాడు పొద్దున్నే రొట్టె కాలింది, గోధుమలు ఉడికాయి, చేప పొయ్యిలోకి వెళ్ళింది. మధ్యాహ్నం బస్సుకి నేను స్టేషన్‌కి వెళ్ళాను. డ్రైవర్ దిగి సిగరెట్ వెలిగించాడు.

"జాయెచార్ నుంచి నాకొక పొట్లం ఉండాలి," అన్నాను.

"ఉంది. కానీ అది ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా నా డ్రైవింగ్‌కి వంకలు పెట్టింది. వచ్చి దింపుకోండి," అన్నాడు.

తలుపు దగ్గర అత్త! నల్ల తలగుడ్డ, రబ్బరు బూట్లు, చేతుల్లో శాలువా చుట్టిన ఐకాన్. "చేతులు కట్టుకుని నిలబడతావేం, పట్టుకో. నన్ను కాదు, సాధువుని," అంది.

భవనం కింద చెక్కలు కొట్టిన ఆ గొయ్యి ముందు ఆగి, చెవి ఆనించి వింది. "నిజమేరా. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు," అంది.

సరిగ్గా అప్పుడే రాదిషా వచ్చాడు. కొత్త సూటు, ఒక చేతిలో ద్రాక్షసారా, ఇంకో చేతిలో పూలు. వాడు ధైర్యంగానే వచ్చాడు. స్లావా రోజు అతిథిని ఇంటి యజమాని పల్లెత్తు మాట అనకూడదని వాడికి బాగా తెలుసు.

"కూమా, స్వాగతం," అన్నాను, ఇంకేం అంటాను!

"నువ్వేనా నాయనా ఇది కట్టింది?" అంది అత్త.

"నేనే కోసార అత్తా. వసంతానికల్లా లిఫ్టు..."

"వసంతం దాకా ఈ మెట్ల మీద గుడ్లు పొదుగుతూ కూర్చోనా? వీడు యజమాని, వీడు నిన్నేం అనలేడు. నేను యజమానిని కాదు, నేను అనగలను. కానీ అనను. ఇటు తిరుగు, వంగు."

రాదిషా నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. వాడు పూలూ సీసా నా చేతికిచ్చి వంగాడు, అత్త వీపెక్కింది. ఐకాన్, పూలు, సీసా పట్టుకుని నేను వెనక నడిచాను. మొదటి అంతస్తులో వాడి భుజం గోడకి రాసుకుని సూటు తెల్లబడింది. "ఇది పాలరాయా, పిండా?" అంది అత్త పైనుంచి. మూడో అంతస్తులో వాడు మోకాళ్ళ మీద కూలబడి రొప్పుతుంటే, వాడి నెత్తి మీద తట్టింది.

"ఏం నాయనా, కరెంటు పోయిందా?"

అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ప్రతి గుమ్మంలో ఒకరు నిలబడి చూస్తున్నారు. వాళ్ళు కూడా అదే కాగితం చూసి కొన్నవాళ్ళే. ఒక్కరూ నవ్వలేదు గానీ, ఒక్కరూ సాయానికి కూడా రాలేదు.

పైకి వెళ్ళాక అత్త హాలంతా కలయజూసి, స్తంభానికి ఒకసారి ప్రదక్షిణ చేసి, ఐకాన్ తగిలించమంది. స్తంభంలో మేకు వంకరపోయింది. తూర్పు గోడకి కొడితే మేకుతో పాటు సుత్తి కూడా సగం దిగింది. అవతలి నుంచి "ఎవరది?" అని పొరుగావిడ కేక. అత్త కన్నంలో నోరు పెట్టి, "స్లావా అమ్మా, మీరూ రండి!" అంది. ఆవిడ వచ్చింది, మొగుణ్ణీ కుర్చీనీ తెచ్చుకుంది. ఐకాన్‌ని చివరికి ఫ్రిజ్ మీద ఆనించాం. కొవ్వొత్తి వెలిగించి, రొట్టె విరిచాం. మిగిలిన చుట్టాలూ దిగారు. స్తంభానికి ఇటు కూర్చున్నవాడు ఉప్పు అడిగితే అటువాడు స్తంభం వెనక నుంచి చెయ్యి చాచి అందించాడు.

రాదిషా మూల కూర్చుని ఇంకా చెమట తుడుచుకుంటున్నాడు. "అత్తా, సాయంత్రం మిమ్మల్ని కిందికి దింపాలంటే..." అన్నాడు భయంగా.

"దిగేదెవరు? లిఫ్టు వచ్చాకే దిగుతా. నా కోళ్ళని పక్కింటావిడకి అప్పజెప్పే వచ్చాను," అంది అత్త. రాదిషాకి చేప ముల్లు అడ్డం పడింది. పొరుగువాళ్ళు వీపు చరిచారు, కాస్త గట్టిగానే.

యజమాని ఆ రోజు కూర్చోకూడదు, నిలబడి అందరికీ వడ్డించాలి. చేప పళ్ళెంతో అత్త దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేకపోయాను.

"రెండేళ్ళు ఇల్లు పొగిడినా రానన్నదానివి, రావద్దంటే వచ్చావేం అత్తా?" అన్నాను.

"ఈ రాదిషా నీకు ఇల్లు ఒక్కసారే అమ్మాడు. నువ్వు నాకు ప్రతి ఆదివారం అమ్మావు," అంది. బల్లంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "అంత గొప్ప ఇంట్లో ఈ బూట్లు ఎక్కడ విడవాలో తెలియక భయమేసిందిరా. నీకు ఇక నాతో పనిలేదు అనుకున్నా. మొన్న నువ్వు రావద్దు, రావద్దు అని ఏడ్చావు. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోయినప్పుడల్లా అలాగే ఏడ్చేవాడివి, 'దగ్గరికి రావద్దు' అని అరుస్తూ. అప్పుడెప్పుడైనా రాకుండా ఉన్నానట్రా?"

కళ్ళు దాచుకుందామంటే ఆ హాల్లో చోటెక్కడ? చేతిలో పళ్ళెం పట్టుకుని, చుట్టాల ముందు, పొరుగువాళ్ళ ముందు, నా కూమ్ ముందు నిలబడి ఏడ్చాను. అత్త తన తలగుడ్డ కొసతో నా మొహం తుడిచింది.

"చాల్లే," అంది. "చేప చల్లారిపోతోంది, అందరికీ పెట్టు."