నాలుగో ముక్క

రంపం ఆగేసరికి నా తమ్ముడి చిటికెనవేలు కొస బల్ల మీద పడి ఉంది.

ఫోమ్ దిమ్మెల్ని కోసే నిలువు రంపం అది. చిహాంగ్ అరవలేకపోయాడు, నోట్లో గుడ్డ కుక్కారు. ఇద్దరు కూలీలు వాడి భుజాలు నొక్కి పట్టుకున్నారు. మణికట్టు మాత్రం ఓనరు గారబ్బాయి కైలోక్ చేతిలో ఉంది.

"ఇది శాంపిల్," అన్నాడు కైలోక్. "నాన్నా, ఇంకోసారి అడుగు. ఈసారి తల ఊపి ఒప్పుకోకపోతే మణికట్టు దాకా తోసేస్తా."

ఓనరు మాక్ వింగ్‌సౌ నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తన తమ్ముడు సియులాం గారి తల. ఆయన చనిపోయి అరగంటయింది. ఎడమ చంక కింద చిన్న రంధ్రం, బొత్తాలు కుట్టే దబ్బనం పట్టేంత. అంత చిన్న రంధ్రం నుంచి అంత రక్తం వస్తుందని నేను అనుకోలేదు.

"ఎందుకు చంపావురా?" అన్నాడు వింగ్‌సౌ. "వాడు నీకు పని నేర్పాడు కదరా."

చిహాంగ్ తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

జరిగింది ఇది. మా షుండే ఊళ్ళో ఏ సోఫా ఫ్యాక్టరీలో అయినా పన్నెండున్నరకి దీపాలు ఆర్పేస్తారు. తిన్నవాళ్ళు తిన్నచోటే మడత మంచాలు వేసుకుని రెండింటి గంట దాకా నిద్రపోతారు. ఆ వేళలో ఎవరూ ఎవర్నీ లేపరు. పక్కన మూలుగు వినబడినా, కలేదో వచ్చిందనుకుని అటు తిరిగి పడుకుంటారు. ఒంటిగంటప్పుడు సియులాం గారు సోఫా మీంచి లేచి, నాలుగడుగులు తూలి, కుట్టుబల్ల కింద పడుకున్న చిహాంగ్ మీద పడ్డారు. ఒంట్లో దిగిన దబ్బనాన్ని నా తమ్ముడు భయంతో పీకేశాడు. దీపాలు వెలిగేసరికి వాడి చేతిలో దబ్బనం, ఒళ్ళంతా రక్తం. పైగా ఆ దబ్బనం వాడి కుట్టుబల్ల మీదిదే.

వాచ్‌మన్ తాం తాత ఒక్కడే నోరు తెరిచాడు. "సార్, పోలీసులకి ఫోన్ చేద్దాం."

కైలోక్ వెనక్కి తిరగకుండానే మోచేత్తో ఆయన నోటి మీద కొట్టాడు. ఓ పన్ను ఊడి కింద పడింది. గేట్లకి తాళాలు వేయించింది కైలోకే. అరవై మంది ఫోన్లూ లాక్కుని ఓ బకెట్లో పడేయించింది కూడా అతనే.

"రెండు గంటలకి గంట కొడతారు," అన్నాడు వింగ్‌సౌ. "అప్పటికి వీడు ఒప్పుకోవాలి. లేకపోతే చెయ్యి నరికి, ఆ తరవాతే పోలీసులకి అప్పగిస్తా."

గోడ గడియారం ఒకటీ ముప్ఫై రెండు చూపిస్తోంది.

"సార్," అన్నాను. "నన్ను ఒకసారి ఆ సోఫా మీద పడుకోనివ్వండి."

కైలోక్ పకపకా నవ్వాడు. "విన్నారా? తమ్ముడి చెయ్యి పోతోంటే మహారాణికి నిద్రొస్తోందట!"

నా పని అదే మరి. పేరు సుక్‌యిన్. ఇరవై రెండేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో సోఫాల మీద కూర్చోవడానికే నాకు జీతం. రోజుకి ఎనిమిది గంటలు. ఏ గంటలో తొడ తిమ్మిరెక్కింది, ఏ గంటలో నడుము కిందికి జారింది, బట్ట ఎప్పుడు వేడెక్కింది, లేవడానికి ఎన్నిసార్లు ఊగాల్సొచ్చింది, అన్నీ కాయితం మీద రాయాలి. పది నిమిషాలు కూర్చుంటే అన్ని సోఫాలూ బాగానే ఉంటాయి. ఆరో గంటలోనే వాటి బుద్ధి బయటపడుతుంది.

ఈ సోఫా వచ్చే వారం గ్వాంగ్‌జౌ ప్రదర్శనకి వెళ్ళాలి. ఏడు ముక్కలు. కింద ఇనప కొక్కేలు తగిలిస్తే ఒకటే సోఫా, విప్పితే ఏడు కుర్చీలు. ఫ్యాక్టరీలో ఇంతవరకూ ఇంత ఖరీదైంది చెయ్యలేదు. పంతొమ్మిది రోజులుగా దాని మీదే ఉంటున్నాను. ఈ మధ్యాహ్నం ఒంటిగంటకి పది నిమిషాల ముందు సియులాం గారు వచ్చి, "లేవవే సింహాసనం మీంచి, నా నడుము విరిగిపోతోంది, కాసేపు నన్ను రాజ్యం చెయ్యనీ," అన్నారు. నవ్వుతూ మూడో ముక్క మీంచి లేచి, గంజి తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇదీ సంగతి.

"పడుకుని ఏం చేస్తావ్?" అన్నాడు వింగ్‌సౌ.

"ఆయన సోఫా మీంచే లేచారు సార్. కుట్టుబల్ల దగ్గర పొడిస్తే రక్తం అక్కడ మొదలవ్వాలి. నాలుగో ముక్క మీద ఎందుకుంది?"

"పడుకున్నప్పుడే పొడిచాడు కాబట్టి!" అన్నాడు కైలోక్. "పొడిచి, వచ్చి, మళ్ళీ బల్ల కింద దూరాడు. ఇందులో చూడాల్సింది ఏముంది పిన్నీ?"

"నేను చూడను బాబూ. పడుకుంటాను."

వింగ్‌సౌకి నేను కొత్త కాదు. ఈ ఫ్యాక్టరీ రేకుల షెడ్డుగా ఉన్నప్పుడు మొదటి సోఫా మీద కూర్చున్నది నేనే. "పడుకో," అన్నాడు. "గంట కొట్టేదాకా."

నాలుగో ముక్క ఊదారంగు బట్ట నల్లగా మారింది. చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగానే ఉంది. వెనక రంపం మళ్ళీ మొదలైంది. కైలోక్ ఊరికే తిప్పుతున్నాడు, నాకు వినబడాలని.

మామూలు మనుషులు సోఫా మీద పడతారు. నేను పడను, దిగుతాను. ముందు తుంటి, తరవాత మోచేతులు, ఆ తరవాత వెన్ను, ఒక్కో పూస ఒక్కో పూసగా. ఎముక ఎంత లోతుకి వెళ్ళాక కింద గట్టిదనం తగిలిందో అలా అయితేనే తెలుస్తుంది. తుంటి దిగింది. మూడో ముక్కకీ నాలుగో ముక్కకీ మధ్య సందు నిన్నటంతే ఉంది. కానీ నాలుగో ముక్క నిన్నటిలా లేదు. నిన్న మొదటి గంటల్లో అది నన్ను లోపలికి తీసుకుని, కాసేపాగి, నెమ్మదిగా పైకి తోసింది. ఇవాళ మధ్యలో ఎక్కడో అడ్డు తగిలి ఆగిపోతోంది. చెక్క ఉన్నట్టు.

అరచేతుల్ని వీపు కింద పెట్టి తడిమాను. ఎడమ చేతికి రక్తంలో చిన్న చిరుగు దొరికింది. సరిగ్గా నా ఎడమ రెక్క ఎముక కిందికి వచ్చే చోట. బట్ట పైనించి చిరగలేదు. పోగులు బయటికి తిరిగి ఉన్నాయి, లోపల్నించి పైకి వచ్చినట్టు.

కుడి చేతిని ఇంకాస్త నొక్కాను.

అరచేతిలో చురుక్కుమంది.

కదల్లేదు. ఊపిరి కూడా తియ్యలేదు. దబ్బనం మొన చర్మాన్ని చీల్చి లోపలికి దిగుతోంది. ఫోమ్ కింద నిటారుగా నిలబెట్టిన దబ్బనం. ఊరికే చూస్తే కనబడదు, బరువు పడితే పైకి వస్తుంది. ఒకటి కాదు, వెన్నుకి అటొకటి ఇటొకటి, రెండు. సియులాం గారికి పక్కకి తిరిగి పడుకునే అలవాటు. అందుకే ఆయనకి ఒకటే దిగింది. రెండోది ఇంకా ఇక్కడే ఉంది.

చంపినవాడు ఆ సమయంలో సోఫా దగ్గర ఉండాల్సిన పనే లేదు. దబ్బనాలు మా తమ్ముడి బల్ల మీంచి ఎవరైనా ముందే తీసి ఉండొచ్చు.

వెల్లకిలా పడుకునేది ఎవరు? నేను. ప్రతిరోజూ ఏ గంటకి ఏ ముక్క మీద ఎలా ఉండాలో గోడ మీద పట్టీ ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి నేను రెండో ముక్క మీద వెల్లకిలా పడుకోవాలి. ఇవాళ పొద్దున్నే కైలోక్ వచ్చి, "పిన్నీ, ఈరోజు వరస మార్చు. ఒంటిగంటకి నాలుగో దాని మీద పడుకో. ఎవరికీ చెప్పకు, నాన్న కోసం ప్రత్యేకంగా రిపోర్టు కావాలి," అన్నాడు. నేనెవరికీ చెప్పలేదు.

నిన్నటి కాయితం మీద నేను రాసింది కూడా గుర్తొచ్చింది. "నాలుగో ముక్క ఆరో గంటకి రాయిలా అవుతోంది, జిగురు వాసన. పై ఫోమ్ మంచిదే, కింద తుక్కు నింపారని అనుమానం. రేపు అడుగు గుడ్డ కోసి అందరి ముందూ చూడాలి." నా కాయితాలు మొదట చదివేది కైలోక్. ఫోమ్ కొనేదీ కైలోకే. తుక్కు నింపితే మిగిలే డబ్బూ వాడి జేబులోకే.

దబ్బనం నాకోసం. పోయింది ఆయన.

తల తిప్పి చూశాను. కైలోక్ నన్నే చూస్తున్నాడు. మా తమ్ముడి మణికట్టు రంపానికి జానెడు దూరంలో ఉంది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే వాడు ఒక్క తోపు తోస్తాడు, అంతే. ముందు ఆ చెయ్యి బయటికి రావాలి.

ఒకటీ నలభై ఎనిమిది.

మెల్లగా లేచి కూర్చున్నాను. అరచెయ్యి కారుతోంది. ఎవరి రక్తమో ఎవరికీ తెలీదు.

"అయిందా నిద్ర?" అన్నాడు కైలోక్.

"సగమే అయింది బాబూ. నేను తేలిక మనిషిని, నా బరువు సరిపోవట్లేదు. సియులాం గారంత మనిషి కావాలి. సార్, అబ్బాయి గారిది అదే ఒడ్డూ పొడుగూ. ఒక్క నిమిషం ఇక్కడ వెల్లకిలా పడుకుంటే చాలు. ఆ తరవాత మా తమ్ముడి చెయ్యి మీ ఇష్టం, నేను అడ్డు రాను."

చిహాంగ్ కళ్ళు పెద్దవయ్యాయి.

"నాకేం పిచ్చా?" అన్నాడు కైలోక్. "శవం పడుకున్న చోటా? ఇంత రక్తంలోనా?"

వింగ్‌సౌ తల ఎత్తాడు. "అది నీ బాబాయి రక్తంరా."

"అదే నాన్నా, అందుకే..."

"నిన్ను భుజాల మీద మోసినవాడు. పడుకో."

"ఈవిడ మనల్ని ఆడిస్తోంది నాన్నా! పడుకుని జీతం తీసుకునేదాని మాట మీద..."

"పడుకోమన్నాను."

కైలోక్ అటూ ఇటూ చూశాడు. అరవై మంది చూస్తున్నారు. మణికట్టు వదిలాడు.

నాకు కావలసింది అదే. "చిహాంగ్, చెయ్యి లాగెయ్!" అని అరిచాను. భుజాలు పట్టుకున్న కూలీలు ఎటు లాగాలో తెలీక తడబడ్డారు. అది చూసి కైలోక్ వెనక్కి దూకాడు. రెండు చేతులతో చిహాంగ్ చేతిని పట్టి బ్లేడు మీదికి తోశాడు. అప్పటికే నా చేతిలో ముక్కల్ని కలిపే ఇనప కొక్కెం ఉంది. ఎలా ఊడదీశానో తెలీదు. బలమంతా పెట్టి వాడి మోచేతి మీద కొట్టాను. ఎముక పటుక్కుమంది. బ్లేడు చిహాంగ్ చొక్కా చేతిని చీల్చుకుంటూ పోయింది, చెయ్యి తప్పించుకుంది. తాం తాత నోటి నిండా రక్తంతోనే పాక్కుంటూ వెళ్ళి స్విచ్చి లాగేశాడు.

"చంపేస్తా, ముసలిదానా!" కైలోక్ ఎడమ చేత్తో నా జుట్టు పట్టుకుని బల్లకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. రెండోసారి కొట్టబోయేలోపు వింగ్‌సౌ వాణ్ణి వెనకనించి మెడ పట్టుకుని లేపాడు.

"పడుకోరా అంటే ఎందుకురా పడుకోవు?" కొడుకుని ఈడ్చుకుంటూ వెళ్తున్నాడు. "ఆ సోఫాలో ఏముందిరా?"

కైలోక్ తన్నాడు. తండ్రి ముంజేతిని పళ్ళతో కొరికాడు. వింగ్‌సౌ వదల్లేదు. ఫోమ్ దిమ్మెలు మోసి మోసి బండబారిన చేతులవి. కొడుకుని గిర్రున తిప్పి నాలుగో ముక్క మీదికి విసిరాడు. కైలోక్ విరగని చేత్తో వీపు ఆనుకునే దిండు అంచుని పట్టుకుని, నడుము గాల్లో విల్లులా వంచి వేలాడాడు. వింగ్‌సౌ వాడి గుండె మీద మోకాలు పెట్టి నొక్కాడు.

"వద్దు నాన్నా! వద్దు! రెండోది ఇంకా లోపలే ఉంది!"

మోకాలు ఆగిపోయింది.

చిహాంగ్ నోట్లో గుడ్డ పీకేసి, నా తలగుడ్డతో వాడి వేలు బిగించి కడుతున్నాను.

"ఏమిటిరా రెండోది?" అన్నాడు వింగ్‌సౌ, చాలా నెమ్మదిగా.

కైలోక్ నేల మీదికి జారి, విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"నేను చూపిస్తా సార్." కుట్టుబల్ల మీంచి కత్తి తీసుకుని, నాలుగో ముక్కని పక్కకి పడగొట్టాను. అడుగు గుడ్డ కోశాను. రంగురంగుల తుక్కు ఫోమ్ బొలబొలా రాలింది. దాని వెనక చెక్క పలక. పలకకి రెండు బెజ్జాలు. ఒకటి ఖాళీ. రెండో దాంట్లో జానెడున్నర దబ్బనం నిటారుగా మెరుస్తోంది.

"ఇది సియులాం గారి కోసం పెట్టింది కాదు సార్. నాకోసం. ఇందులో తుక్కు నింపారని నిన్న కాయితం మీద రాశాను. ఇవాళ ఒంటిగంటకి ఇక్కడే పడుకోమని అబ్బాయి గారే చెప్పారు. నా బదులు ఆయన పడుకున్నారు."

వింగ్‌సౌ కొడుకు వైపు తిరిగాడు. "అవునా?"

"బాబాయి అక్కడ పడుకుంటాడని నాకేం తెలుసు?" అన్నాడు కైలోక్. "నాన్నా, నిజంగా తెలీదు. తెలిస్తే లేపేవాణ్ణి. ఆవిడైతే ఎవరు అడుగుతారు? కూర్చునే ఆవిడ. నాన్నా, గేటు తాళాలు మన చేతిలోనే ఉన్నాయి. వీడి చేతిలో దబ్బనం అందరూ చూశారు. పోలీసులకి అదే చెబుదాం. నేను నీ ఒక్కగానొక్క..."

వింగ్‌సౌ వెనక చేత్తో కొట్టిన దెబ్బకి వాడి తల ఇనప రాటకి తగిలింది. ఇంకో దెబ్బ కొట్టాడు. మూడోదానికి చెయ్యి ఎత్తి, తమ్ముడి శవం వైపు చూసి, దించేశాడు.

రెండు గంటల గంట మోగింది. ఎవరూ పనికి కదల్లేదు.

ఆయన బకెట్ దగ్గరికి వెళ్ళి, ఫోన్ల గుట్టలో చెయ్యి పెట్టి, ఏది దొరికితే అది తీశాడు. నంబరు నొక్కాడు. చేతి మీది పంటి గాట్ల నుంచి రక్తం ఫోను మీద పడుతోంది.

"హత్య జరిగింది," అన్నాడు. ఫ్యాక్టరీ పేరు, వీధి పేరు చెప్పాడు. చనిపోయినవాడు తన తమ్ముడని చెప్పాడు. "అంబులెన్సు కూడా పంపండి, ఓ కుర్రాడి వేలు తెగింది. నా కళ్ళ ముందే తెగింది. దానికి నేనూ బాధ్యుణ్ణే, రాసుకోండి."

అవతలి గొంతు ఏదో అడిగింది. వింగ్‌సౌ కొడుకుని చూశాడు. కైలోక్ రెండు చేతులూ జోడించలేక, ఒక్క చెయ్యే గుండెకి ఆనించి, వద్దు వద్దని తల ఊపుతున్నాడు.

"తెలుసు. ఇక్కడే ఉన్నాడు," అన్నాడు వింగ్‌సౌ. షెడ్డు చివరిదాకా వినబడేలా గొంతు పెంచాడు. "మాక్ కైలోక్. నా కొడుకు."