రాజుగారి రాజమండ్రి లాండ్రీ

మా రాజుగారు కుర్చీలో కూర్చున్నా ఆయన చొక్కా మాత్రం నిలబడే ఉంటుంది. ఆయన వీధి మలుపు తిరిగితే ముందు గంజి గరగర వినిపిస్తుంది, ఆ తర్వాత మనిషి కనిపిస్తారు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నవాళ్ళు బోలెడుమంది, అందరూ వేసేది తెల్లచొక్కాలే. కానీ ఏ పెళ్ళికైనా వెళ్ళి భోజనాల వేళకి చూడండి. అందరి చొక్కాలూ కోసి రెండురోజులైన తోటకూరలా వేలాడుతుంటాయి. మా సూర్యరాజుగారిది మాత్రం అప్పుడే బీరువాలోంచి తీసినట్టుంటుంది. ఇందులో ఆయన గొప్పేమీ లేదు. గొప్పంతా నాది. నా పేరు సుభద్రమ్మ, ఈ సంగతి నాలుగు నెలల క్రితం దాకా మా ఇంటి గోడలకి తప్ప ఎవరికీ తెలియదు.

గంజి పెట్టడం అంటే పొడి ప్యాకెట్టు చింపి బకెట్లో కలపడం అనుకునేవాళ్ళతో నాకు మాటల్లేవు. మా ఇంట్లో తినే అన్నం కరెంటు కుక్కర్లోనే ఉడుకుతుంది, కాదనను. కానీ కుక్కర్లో గంజి ఎక్కడిది? అందుకని బుధవారం బుధవారం పొయ్యి మీద విడిగా గిన్నెలో స్వర్ణ బియ్యం వండి వారుస్తాను. ఆ గంజిని పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకడతాను. ఇస్త్రీపెట్టె అంటుకోకుండా చిటికెడు ఉప్పు, తెలుపు తేలడానికి ఒక్క చుక్క నీలిమందు. ముందు కాలరు, చేతుల అంచులు చిక్కటి గంజిలో ముంచి, తర్వాత నీళ్ళు కలిపి పల్చన చేసిన దాంట్లో చొక్కా అంతా ముంచాలి. ఆరాక నీళ్ళు చిలకరించి, తువ్వాల్లో చుట్టి అరగంట ఉంచి, ఆ చెమ్మ మీదే ఇస్త్రీ చెయ్యాలి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే వరస. మణికట్టు నొప్పికి రాసుకునే మందు కూడా ఇస్త్రీబల్ల మీదే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మొన్న వేసవిలో పాలకొల్లులో ఒక పెళ్ళికి వెళ్ళాం. పక్కూరి సత్తిరాజుగారి భార్య వెంకటదుర్గ వచ్చి నా పక్కన కూర్చుంది. మేము వదినా వదినా అనుకుంటాం. కాసేపు చీరల గురించి మాట్లాడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"వదినగారూ, మీరైనా చెప్పండి. ఆ రాజమండ్రి లాండ్రీ ఎక్కడండీ?"

"ఏ లాండ్రీ?"

"అదేనండి, మా అన్నయ్యగారు, అదే మీవారు, చొక్కాలు ఇచ్చేది. మా ఆయన అడిగి అడిగి విసిగిపోయారండి. ఏదో సందులో ఉంటుంది, బోర్డు లేదు, తెలిసినవాళ్ళవే తీసుకుంటాడు అంటారంట అన్నయ్యగారు. ఇంటికొచ్చి నా మీద పడతారు. 'నీ గంజి ఏం గంజి, రాజమండ్రి లాండ్రీ గంజి చూడు' అని ఏళ్ళ తరబడి ఇదే పోరండి."

నా చేతిలో కిళ్ళీ చేతిలోనే ఉండిపోయింది. పందిట్లో అవతల మా రాజుగారు నలుగురి మధ్య నిలబడి, కాలరు సవరించుకుంటూ ఏదో చెబుతున్నారు. వాళ్ళంతా ఆ కాలరు వంకే ఆశగా చూస్తున్నారు. ఆ కిళ్ళీ పక్కన పడేశాను. వెంకటదుర్గకి మాత్రం "కనుక్కుని చెబుతానండి" అన్నాను.

ఇంటికొచ్చి, ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే అప్పుడడిగాను.

"ఏవండీ, రాజమండ్రిలో లాండ్రీ ఏంటండీ?"

ఆయన చెయ్యి కొక్కెం మీదే ఆగిపోయింది. "అది... ఊరికే... మగాళ్ళ కబుర్లే" అని నీళ్ళు నమిలారు.

"బాగుంది. అయితే ఇకనుంచి అక్కడికే ఇవ్వండి. ఆ చొక్కాల మీద చెయ్యి ఎవరిదో మీ నోటితో మీరు మీ స్నేహితులకి చెప్పేదాకా నా గంజి మీ చొక్కాకి తగలదు."

నవ్వులాటకి అన్నాననుకున్నారు. బుధవారం వచ్చింది, వెళ్ళింది. నేను గిన్నె పొయ్యెక్కించలేదు. అప్పుడు భయం పట్టుకుంది ఆయనకి, ఎందుకంటే మా ఊరి నీటి సంఘానికి ఆయన అధ్యక్షులు. సంఘం కొత్త భవనం ప్రారంభం ఆ పై వారం ఆదివారం. వేదిక మీద మధ్య కుర్చీ ఆయనది.

ముందు పట్నంలో ఒక లాండ్రీకి ఇచ్చి చూశారు. సెంటు వాసనతో, కవర్లో పెట్టి ఇచ్చారు. వేసుకుని గేటు దాకా వెళ్ళేసరికి చెమటకి వీపుకంటుకుపోయింది. తర్వాత పొడి ప్యాకెట్టు కొనుక్కొచ్చి, నేను గుడికెళ్ళిన సమయం చూసి స్వయంగా దిగారు. ప్యాకెట్టంతా ఒకే బకెట్లో కుమ్మరించి, వడకట్టకుండా రెండు చొక్కాలు ముంచి ఎండలో వేశారు. నేను వచ్చేసరికి దండెం మీద రెండు అప్పడాలు ఆరుతున్నాయి. సాయంత్రం గదిలోంచి పటపటమని చప్పుడొస్తుంటే తొంగిచూశాను. ఒక చెయ్యి చొక్కా చేతిలోకి సగం వెళ్ళి ఇరుక్కుంది, రెండో చేత్తో జేబు విడదీస్తున్నారు. జేబు పూర్తిగా అతుక్కుపోయింది, సెల్‌ఫోను పట్టదు.

"సుభద్రా, కొంచెం లాగు" అన్నారు.

లాగాను. అంతవరకే సాయం. నవ్వాపుకుంటూ వంటింట్లోకి వచ్చేశాను. నవ్వు అయ్యాక మళ్ళీ కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పడం కంటే ఇంత అవస్థ పడటమే ఆయనకి తేలికగా ఉందన్నమాట.

మరుసటి వారం గురువారం పొద్దున్నే సత్తిరాజుగారు వచ్చారు. చేతిలో పెద్ద సంచి. నేను కాఫీ పట్టుకొచ్చేసరికి ఆయన గుక్కతిప్పుకోకుండా చెబుతున్నారు.

"బావగారూ, మీరు రొయ్యల మేత కోసం రేపు రాజమండ్రి వెళ్తున్నారంట కదా. ఇవి నావీ, మన స్నేహితులు అయిదుగురివీనండి, పన్నెండు చొక్కాలు. ఆ లాండ్రీవాడు మా మొహాలు చూడకపోతే మానె, మీవే అని చెప్పి ఇచ్చెయ్యండి. ఆదివారం వేదిక మీద మీ పక్కన మేము వెలవెలబోతే బాగుంటుందా, మీరే చెప్పండి."

మా రాజుగారు నా వంక చూశారు. నేను కాఫీ గ్లాసుల వంక చూశాను. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఏముంది? నోరు తెరిచారు కూడా.

"అలాగేనండి" అన్నారు.

సత్తిరాజుగారు అటు వెళ్ళగానే ఆయన సంచి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. అరవయ్యేళ్ళ మనిషి, ముఖం చిన్నబుచ్చుకుని. నాకు జాలి వేసింది, దాన్ని దిగమింగాను.

"ఎందుకు చెప్పారండీ ఆ అబద్ధం? ఈ ఒక్కటీ చెప్పండి. నేను చేస్తున్నానంటే మీకు నామోషీయా?"

"నాకు కాదు. నీకు."

"నాకేంటి నామోషీ?"

"మన పెళ్ళయిన కొత్తలో, గణపవరంలో ఎవరో అడిగితే మా ఇంట్లోనే పెడతారండి అని చెప్పాను. పకపకా నవ్వారు. 'పెద్దింటి పిల్లని చేసుకుని బట్టలుతికిస్తున్నారా రాజుగారూ' అన్నారు. వాళ్ళ నోట్లో నువ్వు పడటం నాకిష్టం లేకపోయింది. ఆ తర్వాత ఎవరడిగినా రాజమండ్రి అనేశాను. అక్కడినుంచి ఇంక వెనక్కి రావడం కుదర్లేదు."

పాలకొల్లునుంచి వచ్చాక నేను ఊహించిన కారణాల్లో ఇది లేదు. మెచ్చుకోవడానికి పిసినారితనమనుకున్నాను, డాబు అనుకున్నాను. నా మీద మర్యాదతో చేశారట. అయినా గట్టిగానే అన్నాను.

"నన్ను తక్కువ చెయ్యకూడదని, అసలు నేనే లేనట్టు చేశారా? నవ్వితే నవ్వనివ్వాల్సింది. ఆ చొక్కా అంటే నాకు సిగ్గు కాదండి, గర్వం. మీరు పెళ్ళి పందిట్లో నిలబడితే నేను దూరంనుంచి చూసేది మిమ్మల్ని కాదు, నా ఇస్త్రీని."

ఆయన సంచి కింద పెట్టి, "ఇప్పుడీ పన్నెండూ ఏం చెయ్యను?" అన్నారు.

"ఏముంది, లాండ్రీ మీదే కదా. పంచె ఎగ్గట్టండి. ఎలా చెయ్యాలో నేను చెబుతాను, చెయ్యాల్సింది మీరు."

శుక్రవారం మేత సంగతి గుమాస్తాకి అప్పజెప్పి, మా రాజుగారు పెరట్లో పీట వేసుకుని కూర్చున్నారు. బియ్యం ఆయనే వండారు, ఆయనే వార్చారు, చెయ్యి కాల్చుకున్నారు. వడకట్టేటప్పుడు తొందరపడితే ఇంకోసారి వడకట్టించాను. ముందు కాలరండీ, ముందు కాలరు అని అరుస్తూనే ఉన్నాను. మొదటి రెండు చొక్కాలూ గంజి ముద్దలతో పాడుచేసి మళ్ళీ ఉతికారు. మూడోదానికి దారిలో పడ్డారు. పదిన్నరకల్లా దండెం నిండింది, నేను వరండాలో ఇస్త్రీపెట్టె వేడి చేస్తున్నాను.

వీధి తలుపు కొట్టిన చప్పుడు మాకు వినపడలేదు. "బావగారూ, ఇంకా బయల్దేరలేదు కదా, ఆదివారానికి నా పంచె కూడా ఒకటి..." అంటూ సత్తిరాజుగారు పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి వచ్చేశారు.

వచ్చి నోరు వెళ్ళబెట్టారు. ఎదురుగా నీటి సంఘం అధ్యక్షులవారు మోచేతుల దాకా గంజితో, సత్తిరాజుగారి చొక్కాలే పిండుతూ దొరికిపోయారు. దండెం మీద మిగతా అయిదుగురి చొక్కాలూ వరసగా ఉన్నాయి. సత్తిరాజుగారు వాటినీ మనిషినీ మార్చి మార్చి చూశారు. ఉన్నట్టుండి ముఖం వెలిగిపోయింది.

"ఓహో! లాండ్రీ లేదు ఏమీ లేదు! ఇన్నాళ్ళూ మీ చేత్తో మీరే పెట్టుకుంటున్నారన్నమాట! ఎంత పనిమంతులండీ బావగారూ! నలుగురికి తెలిస్తే మీకు సన్మానం చేస్తారండి!"

ఇంతకుముందు అబద్ధంలో నా పని ఏ ఊరూ పేరూ లేని లాండ్రీకి పోయింది. ఇప్పుడు సాక్షాత్తూ ఆయనకే పోతుంది. ఆయన చెయ్యాల్సింది కూడా ఏమీ లేదు. ఊరుకుని నవ్వితే చాలు. ఆ నవ్వు ఆయన పెదాల మీదికి రావడం నేను చూశాను. దేవుడి మీద ఒట్టు, చూశాను. ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. పిలవలేదు, దగ్గలేదు, కళ్ళెర్రజెయ్యలేదు. ఆ మాట నేను లాగితే రాకూడదు.

"కాదండీ" అన్నారు మా రాజుగారు.

"ఏంటి కాదు?"

"నేను ఇవాళే నేర్చుకుంటున్నానండి. ఇప్పటిదాకా మీరు చూసినవన్నీ మా ఇంట్లో పెట్టినవి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆవిడే. రాజమండ్రి సంగతి నేను అల్లింది, తప్పు నాది."

సత్తిరాజుగారు ముందు నవ్వబోయారు. ఆ తర్వాత నన్ను చూసి, నవ్వు ఆపేసి, అరుగు మీద కూర్చుండిపోయారు. "మరి నేను మా దుర్గని అన్ని మాటలన్నానేంటండీ, లేని లాండ్రీతో పోల్చి" అని గొణుక్కున్నారు. నేను వెళ్ళి మంచినీళ్ళిచ్చాను. తాగి, లేచి, తన తడి చొక్కాలు రెండూ మా రాజుగారి చేతిలోంచి తీసుకున్నారు.

"ఇవి మా ఇంటికి పట్టుకెళ్తానండి, చెల్లెమ్మగారూ. దుర్గనే పెట్టమని అడుగుతాను" అన్నారు. గంజి ఓడుతున్న చొక్కాలు చేతిలో వేలాడుతుంటే అలాగే వీధిలోకి నడిచారు. ఆ పంచె మాట మర్చిపోయారు.

నేను అడిగింది అయిపోయింది. ఒకరికి చెప్పారు, ఆయన ద్వారా ఊరంతటికీ మధ్యాహ్నానికి తెలుస్తుంది. ఇక నేనే మిగతా చొక్కాలు ఇస్త్రీ చేద్దామని వరండాలోకి వచ్చాను. ఈలోగా ఆయన చేతులు తుడుచుకుని ఫోను తీశారు. మిగిలిన అయిదుగురికీ వరసగా చెయ్యడం మొదలుపెట్టారు.

మొదటిదానికి నసిగారు, అవతలివాళ్ళు రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండోదానికి తప్పయిందండి అన్నారు. మూడోదానికి అవతల ఎవరో గట్టిగా నవ్వడం నాకూ వినిపించింది. ఆయన బెదరలేదు. "నవ్వండి, కానీ అలాంటి కాలరు మీరొకటి చూపించండి" అన్నారు. నాలుగోదానికి స్వర్ణ బియ్యం, రెండుసార్లు వడకట్టడం, చిటికెడు ఉప్పు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశారు. తన సొంత విద్య అయినట్టు! నా ఉప్పు రహస్యం ఊరి పాలయింది, పోనీలెమ్మనుకున్నాను.

మా వైపు మగాళ్ళు పెళ్ళాన్ని బయట పేరుతో చెప్పరు. "ఇంట్లో" అంటారు, "ఆవిడ" అంటారు, "మా వాళ్ళు" అంటారు. ఈయన కూడా ఇందాక సత్తిరాజుగారితో అలాగే అన్నారు. నేను పట్టించుకోలేదు, ముప్ఫై నాలుగేళ్ళుగా విని విని అలవాటైపోయింది.

అయిదో ఫోను చివర్లో అవతలాయన ఏదో అడిగినట్టున్నారు. మా రాజుగారు ఒక్క క్షణం ఆగారు. తర్వాత పెరడంతా వినపడేలా అన్నారు.

"ఎవరంటారేంటండీ! సుభద్ర. మా సుభద్ర పెట్టిన గంజి అండి అది."

నా కళ్ళ నీళ్ళు ఇస్త్రీ చేస్తున్న చొక్కా మీద పడ్డాయి. ఎలాగూ చెమ్మ కావాలి కదా అని, వాటి మీదనుంచే పెట్టె పోనిచ్చాను.