ఆరింటి పోటు

"రేపు పొద్దున ఆరున్నరకు పడవ తీస్తాను. మీ అమ్మ అస్థికలు కలిపేసి గంటలో వచ్చేస్తాను. నువ్వు రావద్దు. కాఫీకి డికాక్షను తీసి ఉంచు."

అమ్మ పోయిన పదిహేడో రోజు సాయంత్రం మా నాన్న నాతో అన్న మాటలివి. అందులో ఒక అబద్ధం ఉంది. అది నేను పట్టుకోలేననుకున్నాడంటే, నన్నింకా బ్యాంకులో సంతకాలు పెట్టడం తప్ప ఏమీ రాని మనిషిగానే లెక్కగడుతున్నాడన్నమాట.

నాన్న పేరు సూర్యనారాయణ, ఆర్కిటెక్టు. కాకినాడ నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసులో సూరత్ వచ్చి, ఎనభై రెండేళ్ళదాకా ఇక్కడే ఉండిపోయాడు. ఆయన వచ్చేనాటికి ఇది ఇంత పెద్ద ఊరు కాదు. మూడువందల పైచిలుకు ఇళ్ళు గీశాడు. ప్రతి ఇంటికీ సముద్రపు గాలి వచ్చే వైపు పెద్ద కిటికీ ఉండాల్సిందే. వాస్తు అని ఎవరైనా అడ్డొస్తే, "గాలి కంటే పెద్ద వాస్తు ఉందా?" అని కసురుకునేవాడు. 'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అంటారు కదా, ఆయన ఆ రెండూ చాలక మూడోది పడవ కట్టి చూశాడని అమ్మ ఎగతాళి చేసేది. పడవకు కాత్యాయని అని తన పేరు పెడతానంటే మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. "రోజూ కాత్యాయని బురదలో కూరుకుపోయిందని పదిమందీ చెప్పుకోవడం నాకెందుకు?" అంది. దాంతో పడవకు పేరే లేకుండా పోయింది.

మోటారు లేని తెరచాప పడవ. 2006లో తాపీ నది ఊరిని ముంచినప్పుడు నాన్న దాన్ని సందుల్లో తిప్పి, తాను గీసిన కిటికీల్లోంచే మనుషుల్ని దింపుకున్నాడు. అంత ధైర్యమున్న మనిషి, మేము పడవలో ఉంటే మాత్రం పిరికివాడైపోయేవాడు. నదీముఖం దగ్గర నీళ్ళ మీద తేలే హద్దు గుర్తు, ఆఖరి బోయా, దాటి ఏనాడూ పోలేదు. "ఇంట్లోవాళ్ళు ఎక్కాక ఇది పడవ కాదు, ఇల్లు," అనేవాడు.

ఏప్రిల్ మొదట్లో అమ్మకు కరోనా వచ్చింది. ఆస్పత్రిలో చేర్చిన ఆరో రోజున పోయింది. శ్మశానంలో పొగ ఆగని రోజులవి. ముఖం కూడా చూడనివ్వలేదు. జబ్బు ఎలా వచ్చిందని అడిగినవాళ్ళందరికీ నాన్న ఒకటే జవాబు చెప్పాడు. "నేనే తెచ్చాను. రేవుకు పోయి, దగ్గుతున్న బక్కయ్య పక్కన కూర్చుని తెరచాప కుట్టించాను. పడవ పిచ్చి." మా చుట్టాలు ఫోనులోనే ముక్కు మీద వేలేసుకున్నారు. బక్కయ్య పడవను చూసుకునే మనిషి. సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి, చేయి దెబ్బతిన్నాక పదిహేనేళ్ళుగా మగదల్లా రేవులోనే పని చేస్తూ, ఆ పక్క బస్తీలో కుటుంబంతో ఉంటున్నాడు.

నాన్న అలా చెబుతుంటే నేను నోరు మూసుకుని విన్నాను. ఎందుకంటే జబ్బు తెచ్చింది నేను. అమ్మకు జ్వరం రావడానికి మూడు రోజుల ముందే నాకు వాసన పోయింది. బ్రాంచిలో సగం మంది మంచాన పడ్డారు, నేనూ సెలవు పెడితే షట్టరు దించాల్సిందే. జలుబేలే అనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అనుకోవాలని అనుకున్నాను. అమ్మ పక్కన కూర్చుని తల దువ్వించుకున్నాను కూడా.

ఆమె పోయాక ఆ ఇంట్లో మేమిద్దరం ఉన్నామనడం తప్పు. ముగ్గురం ఉన్నాం. నాన్న మూడు కంచాలు పెట్టేవాడు, నేను ఒకటి తీసేదాన్ని. పొద్దున్నే వంటింట్లో అమ్మ గొంతు సవరించుకున్న చప్పుడు నాకూ వినిపించేది. బీరువా తెరిచి ఆమె చీర ముఖానికి అద్దుకుంటే ఏ వాసనా తెలిసేది కాదు. చంపినదానికి ఆ మాత్రం కూడా దక్కదని ఏడ్చేదాన్ని.

ఇక ఆ అబద్ధం సంగతి. సముద్రపు పోటు తిథిని బట్టి వస్తుంది. మా రేవులో పున్నమికీ అమావాస్యకీ పోటు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. అక్కడినుంచి తిథికి ముప్పావు గంట చొప్పున కలుపుకుంటూ పోవాలి. రాత్రి ఒంటిగంటన్నర పోటుకూ అదే లెక్క. నా ఎనిమిదో ఏట నాన్న వేళ్ళ మీద నేర్పిన లెక్కే ఇది. వంటింటి క్యాలెండరు చూశాను. మర్నాడు చైత్ర బహుళ షష్ఠి, పున్నమి నుంచి ఆరో తిథి. అంటే పోటు పొద్దున ఆరింటికి నిండుతుంది. ఆరున్నరకు నీళ్ళు సముద్రం వైపు తీయడం మొదలుపెడతాయి. అప్పుడు వదిలిన పడవ మధ్యాహ్నం దాటి నీళ్ళు మళ్ళేదాకా వెనక్కి రాదు. గంటలో రావడం కుర్రాళ్ళ వల్లే కాదు.

దుఃఖంలో లెక్క తప్పాడేమోనని ఆశపడ్డాను. "రేపు పోటు ఎన్నింటికి నాన్నా?" అని మామూలుగా అడిగాను.

"ఆరింటికి," అన్నాడు, తల కూడా ఎత్తకుండా.

అంటే లెక్క తప్పలేదు. ఆయన తిరిగి రావడానికి పోవడం లేదు.

పొద్దున నేను ముందే వెళ్ళి కారులో కూర్చున్నాను. దిగమన్నాడు, దిగలేదు. అరిచాడు, నేనూ అరిచాను. రేవులో బక్కయ్య మాకు పది గజాల దూరంలో నిలబడి, పొడుగాటి వెదురుతో పడవను మా వైపు నెట్టాడు. దగ్గరికి రాలేదు.

"సారూ, జర పైలం. చిన్నమ్మా, నన్ను మాఫ్ జేయి. గా దగ్గు ఉన్నప్పుడు నేను సారును రావొద్దనకపోతి. నా వల్లనే పెద్దమ్మ వోయింది," అని రెండు చేతులూ జోడించాడు.

నాన్న వినిపించుకోనట్టు తాడు విప్పాడు. నేను అస్థికల కుండ ఒళ్ళో పెట్టుకుని పడవెక్కాను.

గాలి లేదు. నీళ్ళే మమ్మల్ని లాక్కుపోతున్నాయి. నాన్న చుక్కాని పట్టుకున్నాడు గానీ తిప్పడం లేదు. నీళ్ళ సీసా నేను తెచ్చిందొక్కటే. తనకోసం ఆయన ఏమీ తెచ్చుకోలేదు. ఆఖరి బోయా కనబడుతోంది.

"నాన్నా, జబ్బు మొదట నాకే వచ్చింది. నేనే తెచ్చాను."

"తెలుసు."

నేను నమ్మలేదు. ఆయన నీళ్ళకేసి చూస్తూనే చెప్పాడు. "ఆ రోజు పాలు మాడి ఇల్లంతా కమురు కొడుతుంటే, నువ్వు పొయ్యి పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నావు. మీ అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం."

"అమ్మకు తెలుసా?"

"అంబులెన్సు ఎక్కేటప్పుడు ఆ మాటే చెప్పింది. 'పిల్ల ఉద్యోగానికి పోక ఏం చేస్తుందండీ. దానికి తెలియనివ్వకండి. మీ పడవ మీద పెట్టేయండి' అంది." నా ఒళ్ళోని కుండకేసి చూశాడు. "నేనూ పోతే ఆ పాపం నాతోనే పోతుంది. నువ్వు బతుకుతావు. అంతే నేననుకున్నది. ఎందుకొచ్చావే నువ్వు?"

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "అది నీతో పోదు నాన్నా. బక్కయ్య దగ్గర ఉంది. ఇందాక దణ్ణం పెట్టాడే, ఏమనుకున్నావు? తన దగ్గుతో అమ్మ ప్రాణం తీసేశాననుకుంటున్నాడు. మనం ముగ్గురం కలిసి ఆ పేదవాడి నెత్తిన పెట్టాం."

నాన్న నావైపు తిరిగాడు. మూడువందల ఇళ్ళు గీసిన మనిషి. ఏ ఒక్క గోడ బరువు ఎక్కడ పడుతుందో మరిచిపోలేదు జీవితంలో. "వాణ్ణి నేను లెక్కలోకే తీసుకోలేదు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు నిజంగా ముసలివాడి గొంతు.

లేచి లంగరు వేశాడు. నేను సాయం పట్టాను. బోయాకు ఇవతలే పడవ ఆగింది. అమ్మను ఇద్దరం కలిసి నీళ్ళలో వదిలాం. బూడిద కాసేపు పడవ పక్కనే ఉండి, తర్వాత మాతో రాకుండా వెళ్ళిపోయింది. ఎండలో, ఒక్క సీసా నీళ్ళతో, మధ్యాహ్నందాకా కూర్చున్నాం. నీళ్ళు మళ్ళాక గాలి కూడా లేచింది.

రేవులో బక్కయ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఎదురుచూస్తున్నాడు. తాడు విసరమని చేయి చాపాడు. నాన్న విసరలేదు. బురదలోకి దిగాడు, వెనకే నేనూ దిగాను. మేము దగ్గరికి వస్తుంటే బక్కయ్య వెనక్కి వెనక్కి జరిగాడు.

"వద్దు సారూ, దూరముండుండ్రి."

"ఆగరా. నీ వల్ల కాదు," అన్నాడు నాన్న. "నేను అబద్ధం చెప్పాను."

"నేను తెచ్చాను బక్కయ్యా, బ్యాంకు నుంచి," అన్నాను.

బక్కయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోపగించుకుంటాడనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. అతను అక్కడే బురదలో కూలబడిపోయాడు.

"నిజమేనా చిన్నమ్మా? ఇరవై దినాలాయె, ఇంటికి వోక. గా తెరచాప షెడ్డులనే పంటున్న. నా చేతుల్ల ఏదో ఉన్నదని, మనుమరాలు ఉరికొస్తే కట్టె వట్టి ఎల్లగొట్టిన. ఇగ ముట్టుకోవచ్చునా దాన్ని?"