తొమ్మిది గంటల కుర్చీ

హాలీవుడ్‌లో మా స్టూడియో సెలూన్‌కి ఎక్కడా రాసిలేని రూలొకటుంది. ఉదయం తొమ్మిదింటికి నా కుర్చీ నిర్మాణ శాఖ అధిపతిది. ఎంతటి హీరో అయినా ఆ వేళకి బల్ల మీద కూర్చుని ఎదురు చూడాల్సిందే. పదిహేడేళ్లుగా ఆ గంట కెస్లర్‌ది. ఏ కథ సినిమా కావాలో, ఎవరికి వేషం దక్కాలో తేల్చేది ఆయనే. ఆయనకి గడ్డం గీయడం ఏమంత తేలిక కాదు. చెవి దగ్గర ఫోను, నోట్లో కేకలు, కింద కాలు టకటకా ఆడుతూనే ఉంటుంది.

1952 మార్చిలో ఒక గురువారం ఎనిమిదిన్నరకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"రేపట్నుంచి తొమ్మిది గంటల కుర్చీ ఫెన్విక్ గారి పేరున రాసుకో" అంది అక్కడి అమ్మాయి.

"మరి కెస్లర్ గారో?"

"ఆయన సంగతి నాకేం చెప్పలేదు" అని పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. వరసగా మూడు సినిమాలు బోల్తా కొట్టాయి, కాదనను. జనం టీవీల ముందు కూర్చుంటే ఆయనేం చేస్తాడు? పదవి పోయిందన్న ఆ కబురేదో ఎదురుగా చెప్పడానికి ఒక్కడికీ మొహం చెల్లలేదు, సిగ్గులేని సంత!

తొమ్మిదికి కెస్లర్ వచ్చాడు. నురుగు పట్టిస్తుంటే ఫోనులో అరుస్తున్నాడు. "న్యూయార్క్ నుంచి కంపెనీ పెద్దలు మధ్యాహ్నం రైలు దిగుతున్నారు. కొత్త సినిమా ఆఖరి సీను మార్చానని చెప్పు. ఈసారి ఆడి తీరుతుంది!"

తర్వాత నావైపు తిరిగాడు. "ఏం ఒట్టావియో, ఇవాళ బెల్లం కొట్టిన రాయిలా ఉన్నావ్?"

"కాలు ఆపండి సార్, చెవి తెగుతుంది."

"తెగనీ. న్యూయార్క్ వాళ్లు కోసేదానికంటే నయమే."

ఒక చెంప పూర్తయింది. అప్పుడే తలుపు తోసుకుని ఫెన్విక్ వచ్చాడు. కెస్లర్ చేతికింద పని నేర్చుకున్నవాడే. రేపటిదాకా ఆగలేకపోయాడు మహానుభావుడు! బల్ల మీద కూర్చుని పేపరు విప్పి, వాచీ చూసుకున్నాడు.

కెస్లర్‌కి అద్దంలో అంతా కనబడింది. ఫోను పెట్టేశాడు.

"రేపు తొమ్మిదికి ఎవరు?" అన్నాడు మెల్లగా.

కత్తి దించాను. "ఫెన్విక్ గారు, సార్."

కాలు ఆగిపోయింది. పదిహేడేళ్లలో మొదటిసారి. ఆ కాలు చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"నేనూ ఇలాగే ఒకరోజు ముందొచ్చాను కదూ? అప్పుడు ఈ కుర్చీలో నాకు ముందు అధిపతి, ముసలాయన లూబిన్ ఉన్నాడు. నేనేం చేశాను?"

"వాచీ చూసుకున్నారు సార్."

"ఆయన చూశాడా?"

"చూశాడు. అద్దంలో మిమ్మల్ని తప్ప ఇంకేమీ చూళ్లేదు."

కెస్లర్ కళ్లు మూసుకున్నాడు.

వెనక నుంచి ఫెన్విక్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకా ఎంతసేపయ్యా?"

"ఇవాళ గురువారం. రేపు రండి!" అని కసిరాను.

ఇంకాసేపు ఆ కుర్చీ ఆయనదిగానే ఉండాలని గీసేసిన చెంపకే మళ్లీ నురుగు పట్టించాను. కెస్లర్ వద్దనలేదు. కత్తి పక్కన పెట్టి, మెల్లగా బ్రష్షు తిప్పుతూనే ఉన్నాను.