మునిగిన ఓడ మళ్లీ ఒడ్డున

శారదా నది గట్టు తెగి చెరుకు తోటలన్నీ నీళ్లలో నిలబడ్డ ఏడాది అది. ఆ వానల్లోనే మా బావ పరదేశి రాజయ్యపేట నుంచి తెప్ప మీద సముద్రంలోకి వేటకు వెళ్లి తిరిగి రాలేదు. వద్దన్నా వినని మొండివాడని ఊరంతా అన్నారు. అతని భార్య, నా చెల్లెలు దేముడమ్మ కూడా అదే అంది. నేనేమీ అనలేదు. నెల తిరక్కుండా అనకాపల్లిలో కూతురింటికి వచ్చేశాను.

అల్లుడు త్రినాథ్‌కి నాలుగు రోడ్ల దగ్గర ఇంటర్నెట్ సెంటరు ఉంది. మధ్యాహ్నాలు ఎవరూ రారు. నేను గోడకేసి చూస్తూ కూర్చోవడం చూడలేక కంప్యూటర్లో ఒక ఆట పెట్టిచ్చాడు. ఓడల్లో సరుకు వేసుకుని రేవు రేవునా అమ్మే రాజ్యం మనది. మన వంతు అయ్యాక ఎదుటి రాజ్యాల వంతు. ఇంగ్లీషు రాకపోయినా బొమ్మలు చూసి ఆడొచ్చు.

"ఒకటే గుర్తెట్టుకో మామా," అన్నాడు. "ఇయి పాతకాలం ఓడలు. వంతు అయిపోయేసరికి ఒడ్డు పక్కనుండాల. నడి సముద్రంలో వొదిలేత్తే మునిగిపోతాయి."

వారం రోజులు ఒడ్డు వెంటే తిప్పాను. ఏడు రేవులు వచ్చాయి.

"నీ రాజ్యం నాకు రాసిచ్చీ మామా. ఈ కొట్టు నువ్వు సూసుకో," అని త్రినాథ్ నవ్వేవాడు.

ఒకరోజు నేను వెళ్లే రేవుకే ఎదుటివాళ్ల ఓడ కూడా బయల్దేరింది. వాళ్లకంటే ముందు చేరాలని ఉప్పు ఓడను అడ్డంగా నడి సముద్రంలోకి తోశాను. వాళ్ల వంతు అయ్యేసరికి నా ఓడ లేదు.

మళ్లీ నా వంతు వచ్చింది. మిగతా ఓడలు కదపకుండా వదిలేశాను. ఆ తర్వాతి వంతూ వదిలేశాను.

"ఏటి మామా, నిద్దరోతన్నావా? ఓడలన్నీ కాళీగున్నాయి!"

"మనిషి పోయేడు. మూడ్రోజులు ఇంకో పడవ సముద్రంలోకి దిగకూడదు."

"అందులో మనిషెక్కడున్నాడు మామా? బొమ్మ!"

మూడో వంతూ వదిలేశాను. ఎదుటివాళ్లు వచ్చి నా పెద్ద రేవు పట్టుకున్నారు. త్రినాథ్ నెత్తి కొట్టుకుని, మౌసు లాక్కుని ఏవో నొక్కాడు. తెర నల్లబడి మళ్లీ వెలిగింది. మునిగిన ఓడ ఉప్పు బస్తాలతో సహా ఒడ్డున ఉంది.

"ఇందాకటి ఆట దాసుంచేను. ఇంక ఏటీ జరగనట్టే. ఈసారి ఒడ్డెంటే ఎల్లు."

పరదేశి కూడా, వేటకెళ్లి తిరిగి రాని ఆ పొద్దున, తెప్ప ఒడ్డునే పెట్టుకుని నిలబడ్డాడు. కాలు వాచి నేను వేటకు వెళ్లలేకపోయాను. ఒడ్డున ఇద్దరమే ఉన్నాం.

"గాలి బాగోనేదు బావా, వొద్దు," అన్నాడు.

"సీర కట్టుకుని ఇంట్లో కూకో అయితే," అన్నాను.

తెప్ప నీళ్లలోకి తోసుకున్నాడు.

"ఆడవేటి మామా?" అని త్రినాథ్ మౌసు నా ముందుకి జరిపాడు.

"సాలు," అని లేచాను.

మర్నాడు మొదటి బస్సుకి నక్కపల్లి వెళ్లి, ఆటోలో రాజయ్యపేట చేరాను. దేముడమ్మ ముంగిట చేపలు ఎండబెడుతోంది.

"సెప్పా పెట్టకుండా వచ్చేవేటన్నియ్యా? ఆ మొండోడుంటే ఈపాటికి నీకు కల్లు తెచ్చీవోడు."

"మొండోడు కాదమ్మా," అన్నాను. ఆమె ఎదురుగా ఇసుకలో కూర్చుని, ఆ రోజు నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను.