వెలిగిన సెల్

ఉపకులపతి గారి ఉత్తరంలో ఇంగ్లీషు ఎక్కువ, విషయం తక్కువ. విద్యార్థులకు సొంతంగా ఏదైనా వ్యాపారం పెట్టుకునే చొరవ నేర్పాలట. అందుకోసం ప్రతి కాలేజీలో ఒక 'సెల్', అంటే ప్రత్యేక విభాగం, పెట్టాలట. సోమవారం తానే నరసరావుపేట వచ్చి ప్రారంభిస్తారట. నాకు ఒళ్ళు మండింది. కానీ ప్రిన్సిపాల్‌ని కదా, అటెండర్ గురునాథాన్ని పిలిచి, "ఆ ఖాళీ గదిలో సెల్ పెట్టించు" అన్నాను. మళ్ళీ అటువైపు తొంగి కూడా చూడలేదు.

సోమవారం ఉపకులపతి గారితో గదిలో అడుగుపెట్టి కొయ్యబారిపోయాను. రేడియోలు బాగుచేసే నూర్ మొహమ్మద్ బల్ల నిండా టార్చిలైట్లు, వాటిలో వేసే సెల్లులు పరుచుకుని కూర్చున్నాడు. చుట్టూ పదిమంది ఫిజిక్స్ విద్యార్థులు పాడైన ట్రాన్సిస్టర్లు విప్పుతున్నారు.

"ఏందయ్యా ఇది?" అని గురునాథం మీద విరుచుకుపడ్డాను.

"సెల్ పెట్టించమన్నారు గదా సార్! ఒక్క సెల్ ఏం సరిపోద్దని నూర్ భాయ్‌నే పిలిపించా."

నూర్ మొహమ్మద్ లేచి సలాం చేశాడు. "మూడు రోజుల్నుంచి పిల్లలకి నేర్పుతున్నా సార్. చానా చురుగ్గా ఉన్నారు. ఆ చివరి అమ్మాయి సెలవుల్లో రెంటచింతలలో షాపు పెడతానంటంది."

ఉపకులపతి గారు చేతిలోని ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నారు. బల్ల మీది టార్చి ఒకటి తీసుకుని నొక్కారు.

"పన్నెండు కాలేజీల్లో సెల్ ప్రారంభించానండీ," అన్నారు నవ్వుతూ. "వెలిగింది ఇదొక్కటే."